ఏడ్చినవాళ్లు తెల్లారి ఏం చేశారు?

(నేరేడ్‌మెట్ బస్తీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాలుగు రాత్రులుగా ఈ కమ్యూనిటీ హాల్లో మీరంతా 'రూట్స్' సీరియల్ చూశారు. అది ఇంగ్లీషు సీరియల్. డిగ్రీ చదువుతున్న మన ఆడపిల్లలిద్దరు పక్కన నిలబడి తెలుగులో చెబుతుంటే, పనుల నుంచి వచ్చి, పిల్లల్ని ఒళ్లో పడుకోబెట్టుకుని చూశారు. చూసి లేచిపోయేటప్పుడు మీరు మాట్లాడుకున్న మాటలు కొన్ని నేను రాసిపెట్టుకున్నాను. ఈ పూట నా ఉపన్యాసం ఆ మాటల మీదే.

ఒక ముసలమ్మ అన్నది: "గా బిడ్డను అమ్ముతుంటె తల్లి కాళ్ల మీద పడ్డది సూడు. మా నాయినమ్మ గిట్లనే పడ్డదట దొర కాళ్ల మీద." ఒక తమ్ముడు అన్నాడు: "వాళ్లకు ఇనుప సంకెళ్లు కనబడ్డయి. కనబడ్డయి గనక తెంపుకోవాలని తెలిసింది. మనకు కనబడకపాయె." ఒక పెద్దమనిషి అన్నాడు: "పాత పుండ్లు రేపుడెందుకు? పిల్లల మనసులు కరాబు చేసుడెందుకు?" నాలుగో మాట ఒక చిన్నపిల్లది. "గాయిన పేరు గాయిన చెప్పుకుంటె కొట్టుడెందుకు?" అని అడిగింది.

ఈ నాలుగు మాటలకూ జవాబు చెప్పుకోవాలి. అంతకంటే ముందు ఇంకో సంగతి చెప్పుకోవాలి. ఈ సీరియల్ చూసి ఏడ్చింది మనమే మొదలు కాదు. మనకంటే ముందు ఏడ్చినవాళ్లు కోట్ల మంది ఉన్నారు. వాళ్లు ఏడ్చి ఏం చేశారు? తెల్లారి లేచి ఏం మారింది? అది తెలిస్తే మనం ఏం చేయాలో తెలుస్తుంది.

మొదట కథ సంగతి. అలెక్స్ హేలీ అనే నల్లజాతి రచయిత 1976లో 'రూట్స్' పుస్తకం వేశాడు. రూట్స్ అంటే వేళ్లు. ఆఫ్రికాలో గాంబియా నది ఒడ్డున జుఫూరే అనే ఊరు. అక్కడి నుంచి 1767లో కుంటా కింటే అనే పిల్లవాణ్ణి పట్టి ఓడలో అమెరికాకు తెచ్చి అమ్మేశారు. ఆయన నుంచి తనదాకా ఏడు తరాల కథ రాశాడు హేలీ. మన తెలుగులో సహవాసిగారు దాన్ని 'ఏడు తరాలు' అని పెట్టి రాశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆ పుస్తకం 1980ల నుంచి మన ఊళ్లల్లో చేతులు మారి చేతులు మారి అట్టలు ఊడిపోయేదాకా తిరిగింది. సంఘంలో పనిచేసిన పాతవాళ్ల ఇళ్లల్లో ఇప్పటికీ దొరుకుతుంది. టీవీ సీరియల్ చూసే అవకాశం లేని కాలంలో మనవాళ్లు ఆ కథను పుస్తకంగా చదివారు. చదువు రానివాళ్లు చదివించుకుని విన్నారు.

అమెరికాలో దాన్ని ఏబీసీ అనే టీవీ కంపెనీ 1977 జనవరి 23 నుంచి 30 దాకా వరసగా ఎనిమిది రాత్రులు వేసింది. ఎనిమిది రాత్రులూ వరసగా ఎందుకు వేశారు? జనం బాగా చూస్తారని కాదు. చూడరేమోనన్న భయంతో. నల్లవాళ్ల కథ తెల్లవాళ్లు ఎవరు చూస్తారు, ఒక్క వారంలో అవగొట్టేస్తే నష్టం తక్కువ అనుకున్నారు. జరిగింది వేరు. చివరి రాత్రి దాదాపు 10 కోట్ల మంది టీవీల ముందు కూర్చున్నారు. అప్పుడు ఆ దేశ జనాభా దాదాపు 22 కోట్లు. దగ్గరదగ్గర సగం దేశం!

మరి వాళ్లు ఎట్లా చూశారు? సీరియల్ అయిపోయాక పరిశోధకులు జనాన్ని అడిగి చూశారు. నల్లవాళ్లైనా తెల్లవాళ్లైనా ఎక్కువమంది చెప్పింది ఒకటే: దుఃఖం కలిగింది అని. కోపం కంటే దుఃఖమే ఎక్కువ. ఇక్కడ ఆగి ఆలోచించాలి. దుఃఖపడటం తేలిక. దుఃఖానికి ఖర్చు లేదు. చూసినవాడు కళ్లు తుడుచుకుని పడుకుంటాడు, తెల్లారి లేచి తన దుకాణం తను తెరుచుకుంటాడు.

ఇంకో రకం వాళ్లూ ఉన్నారు. కాలిఫోర్నియాకు గవర్నరు చేసి, తర్వాత 1981లో అమెరికా అధ్యక్షుడైన రోనాల్డ్ రీగన్ ఆ సీరియల్ మీద ఒక అభ్యంతరం చెప్పాడు. మంచివాళ్లందరినీ ఒక రంగువాళ్లుగా, చెడ్డవాళ్లందరినీ ఇంకో రంగువాళ్లుగా చూపించడం మంచిది కాదు అన్నాడు. ఎక్కడో విన్నట్టు లేదూ? కారంచేడు మీద మాట్లాడితే, చుండూరు మీద మాట్లాడితే మనతో అన్నది ఇదే కదా! "అందర్నీ ఒకే గాట కడతారేంది, మాలో మంచోళ్లు లేరా?" అని. మంచోళ్లు ఉన్నారు, ఎవరు కాదన్నారు? కానీ చచ్చినవాళ్ల కులం ఒకటి, చంపినవాళ్ల కులం ఒకటి అయినప్పుడు ఆ లెక్క చెప్పినవాడు తప్పు చేసినట్టా?

తమాషా ఏమంటే, ఆ సీరియల్ తీసినవాళ్లు తెల్లవాళ్ల మనసు నొప్పించకూడదని ముందే జాగ్రత్తపడ్డారు. బానిసల ఓడ నడిపే కెప్టెన్‌ను మీరు చూశారు. దేవుడి భయం ఉన్నవాడు, లోలోపల కుమిలిపోయేవాడు. పుస్తకంలో ఆయనకు అంత చోటు లేదు. టీవీ కోసం పెంచారు. చూసే తెల్లవాడు "నేనూ ఇట్లాంటి మంచివాణ్ణే" అనుకోవడానికి ఒక కుర్చీ వేసి పెట్టారు. అయినా అభ్యంతరం తప్పలేదు. దీంట్లో మనకు ఒక పాఠం ఉంది. వాళ్లు నొచ్చుకుంటారని మన కథను ఎంత మెత్తగా చెప్పినా నొచ్చుకునేవాడు నొచ్చుకుంటూనే ఉంటాడు. కాబట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పడమే మేలు.

సరే, దేశమంతా ఏడ్చింది. తర్వాత? 1977 జనవరిలో ఏడ్చారు. 1978 జూన్ 28న అదే దేశపు సుప్రీం కోర్టు బాకీ కేసులో తీర్పు చెప్పింది. కాలిఫోర్నియాలోని డేవిస్ మెడికల్ కాలేజీలో 100 సీట్లకు 16 సీట్లు నల్లవాళ్లు మొదలైన వెనకబడ్డవాళ్లకు విడిగా పెట్టారు. ఆ పద్ధతి చెల్లదని కొట్టేశారు. జాతిని కూడా ఒక సంగతిగా చూడొచ్చుగానీ లెక్కగట్టి సీట్లు పక్కన పెట్టకూడదన్నారు. ఏడ్చిన తర్వాత పట్టుమని ఏడాదిన్నర గడవలేదు. కుంటా కింటే కాలు నరుకుతుంటే కళ్లనీళ్లు పెట్టుకున్న దేశం, కుంటా కింటే మునిమనవడికి 16 సీట్లు ఇవ్వడం అన్యాయం అన్నది. బానిసత్వానికి ఏ పరిహారం ఇవ్వాలో కనీసం విచారణ చేద్దామని జాన్ కాన్యర్స్ అనే నల్లజాతి సభ్యుడు 1989లో పార్లమెంటులో బిల్లు పెట్టాడు. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పెడుతూనే పోయాడు. ఆయన 2019లో చనిపోయాడు. బిల్లు చట్టం కాలేదు.

అసలు పరిహారం ఎవరికీ అందలేదా అంటే, అందింది. అందినవాళ్లు బానిసలు కాదు! 1833లో బ్రిటిష్ ప్రభుత్వం తన వలసల్లో బానిసత్వం రద్దు చేసినప్పుడు రెండు కోట్ల పౌండ్లు పంచిపెట్టింది. బానిసల యజమానులకు. "అయ్యో, మీ ఆస్తి పోయిందే" అని. ఒళ్లంతా కొరడా వాతలు ఉన్నవాడికి ఒక్క పౌను లేదు. నవ్వకండి, మన దగ్గరా అంతే. హైదరాబాద్ రాజ్యంలో 1949లో జాగీర్లు రద్దయినప్పుడు జాగీర్దార్లకు సొమ్ము లెక్కగట్టి ఇచ్చారు. ఆ జాగీర్లల్లో తరతరాలు వెట్టి చేసిన మాదిగకు, మాలకు, చాకలికి, కుమ్మరికి ఎవరు లెక్కగట్టారు? చెప్పులు కుట్టిచ్చిన లెక్క, మోటబొక్కెన చేసిన లెక్క, దొర సవారీ మోసిన లెక్క, అర్ధరాత్రి ఊరి నుంచి ఊరికి కాగితం మోసుకుపోయిన లెక్క ఏ దస్తరంలోనూ లేదు.

ఏడ్చి చట్టం తెచ్చుకున్నవాళ్లూ ఉన్నారు. అది కూడా చెప్పాలి. అమెరికాలోనే 1978లో 'హోలోకాస్ట్' అని ఇంకో సీరియల్ తీశారు. హిట్లర్ యూదులను చంపించిన కథ. 1979 జనవరిలో దాన్ని పశ్చిమ జర్మనీలో వేశారు. చంపినవాళ్ల దేశంలోనే వేశారన్నమాట. కోటి మందికి పైగా చూశారు. టీవీ ఆఫీసులకు వేల ఫోన్లు వచ్చాయి. కొందరు తిట్టారు. కొందరు ఏడ్చారు. పిల్లలు తండ్రులను, తాతలను అడగడం మొదలుపెట్టారు: "అప్పుడు నువ్వు ఎక్కడున్నావు? ఏం చేస్తున్నావు?" ఆ దేశంలో అప్పటికి హత్య కేసులకు ఒక గడువు ఉంది. గడువు దాటితే నాజీ హంతకుల మీద కొత్తగా కేసు పెట్టడానికి వీలుండదు. అదే ఏడాది జూలైలో వాళ్ల పార్లమెంటు ఆ గడువు ఎత్తేసింది. ఒక్క సీరియల్ వల్లే ఎత్తేశారని నేను అనను. ఏళ్లుగా దానికోసం కొట్లాడినవాళ్లు ఉన్నారు. కానీ చూసినవాళ్ల కదలిక ఆ కొట్లాటకు బలమైంది. ఎదురుగా ఒక డిమాండు సిద్ధంగా ఉంటే కన్నీళ్లు దానికి పనికొస్తాయి. డిమాండు లేకపోతే కన్నీళ్లు ఇంకిపోతాయి.

ఇప్పుడు మన దేశం సంగతి.

మన పల్లెలకు టీవీ పెద్ద ఎత్తున వచ్చింది 1975 ఆగస్టులో. ఉపగ్రహం ద్వారా ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 ఊళ్లకు చూపించారు. మన ఆంధ్రప్రదేశ్ ఊళ్లు కూడా అందులో ఉన్నాయి. ఊరందరికీ కలిపి ఒక్కటే పెట్టె. బళ్లోనో, పంచాయతీ దగ్గరనో పెట్టారు. ఆ రోజులు గుర్తున్న పెద్దలు ఇక్కడ ఉంటే పిల్లలకు చెప్పండి: ఆ పెట్టె ముందు మీరు ఎక్కడ కూర్చున్నారు? ముందు వరసలోనా, గోడ అవతలా? సీరియల్‌లో ఏం చూపించారన్నది ఎంత ముఖ్యమో, చూసేవాడు ఎక్కడ కూర్చుని చూశాడన్నది మనకు అంత ముఖ్యం.

1981లో ప్రేమ్‌చంద్ కథ 'సద్గతి'ని సత్యజిత్ రే దూరదర్శన్ కోసం తీశాడు. దుఖీ అనే చమారు తన బిడ్డ సంబంధానికి ముహూర్తం అడగడానికి బ్రాహ్మడి ఇంటికి పోతాడు. ముహూర్తం సంగతి తర్వాత, ముందు ఈ మొద్దు చీల్చు అంటాడు బ్రాహ్మడు. జ్వరంతో, తిండి లేకుండా ఆ మొద్దు కొట్టీ కొట్టీ అక్కడే చచ్చిపోతాడు దుఖీ. శవాన్ని ముట్టుకోకూడదు కనుక తాడు వేసి లాక్కుపోతాడు బ్రాహ్మడు. ఆ కథలో సంకెళ్లు ఉన్నాయా? లేవు. కొరడా ఉందా? లేదు. దుఖీ తన కాళ్లతో తాను నడిచిపోయాడు. మన తమ్ముడు అన్న మాట ఇదే. వాళ్లకు కనబడ్డ సంకెలలు మనకు కనబడవు.

ఈ సంగతి బాబాసాహెబ్ అందరికంటే ముందు తేల్చి చెప్పాడు. ఆయన 1913 నుంచి 1916 దాకా న్యూయార్కులో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివాడు. నల్లవాళ్ల బతుకులు కళ్లతో చూశాడు. 1946లో నల్లజాతి నాయకుడు డుబోయిస్‌కు ఉత్తరం రాశాడు. మీ సమస్యకూ మా సమస్యకూ దగ్గర పోలిక ఉంది, మీరు ఐక్యరాజ్యసమితికి పెడుతున్న దరఖాస్తు ప్రతి పంపమని అడిగాడు. బానిసత్వమా, అంటరానితనమా, ఏది ఎక్కువ ఘోరం అన్న ప్రశ్న కూడా వేసుకుని జవాబు రాశాడు. బానిస యజమాని డబ్బు పెట్టి కొన్న ఆస్తి. జబ్బు చేస్తే మందు ఇప్పిస్తాడు, చస్తే డబ్బు పోతుందని. అంటరానివాడు ఎవరి ఆస్తీ కాదు. చాకిరీ అందరికీ చెయ్యాలి, చస్తే అడిగేవాడు ఎవడూ లేడు. బానిసకు తాను బానిసనని తెలుసు. అంటరానివాడికి అది ధర్మం అని నేర్పారు. సంకెల మీద దేవుడి బొమ్మ చెక్కారు. ఇంక తెంపడానికి చెయ్యి ఎట్లా లేస్తుంది?

బాబాసాహెబ్ కంటే ముందు జోతిబా ఫూలే. ఆయన 1873లో 'గులాంగిరి' రాసి, నీగ్రో బానిసలను విడిపించిన అమెరికా ప్రజలకు అంకితం ఇచ్చాడు. అంటే ఈ పోలిక మనం నిన్న మొన్న టీవీ చూసి కనిపెట్టింది కాదు. నూట యాభై ఏళ్ల నుంచి మన పెద్దలు చెబుతున్నదే.

మన తెలంగాణ మాటలోనే ఉంది సాక్ష్యం. "నీ బాంచెన్, కాల్మొక్త దొరా" అనేవాళ్లు మన తాతలు. బాంచ అంటే ఏంది? దాసి. నీ బాంచెన్ అంటే నీ బానిసను అని. అమెరికా బానిస కూడా పొద్దున లేచి "నేను నీ బానిసను" అని నోటితో చెప్పుకోనక్కర లేదు. మనవాళ్లు దండం పెట్టి మరీ చెప్పాలి! ఒక అప్పు కింద మనిషిని, ఆయన తర్వాత కొడుకును, కొడుకు తర్వాత మనవణ్ణి కట్టేసే భగేలా పద్ధతి నిజాం రాజ్యంలో ఉండేది. దొరసాని అత్తగారింటికి పోతే అరణంగా వెంట ఆడపిల్లను పంపేవాళ్లు. ఆడబాప అన్నారు ఆమెను. పెళ్లి లేదు, కూలి లేదు, ఒంటి మీద హక్కు లేదు. మన ముసలమ్మ చెప్పిన నాయినమ్మ కథ అమెరికా కథ కాదు. అది ఈ నేల మీది కథ.

ఆ కథను బి. నర్సింగరావు 1988లో 'దాసి' సినిమాగా తీశాడు. అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి. మరి మన ఊళ్లల్లో ఎంతమంది చూశారు? చేతులెత్తండి. చూశారా, ఎన్ని చేతులు! ఢిల్లీలో అవార్డు తీసుకున్న కథ, ఎవరి కథో వాళ్ల ఊరి టాకీసుకు రాదు. అమెరికాలో కుంటా కింటే కథ సగం దేశం చూసింది. మన కుంటా కింటే కథ, మన కిజ్జీ కథ ఇంటింటి టీవీలో ఎనిమిది రాత్రులు వరసగా ఎవరు వేస్తారు? రోజూ వచ్చే సీరియళ్లల్లో ఎన్ని మేడలు, ఎన్ని నగలు! ఆ మేడల్లో గిన్నెలు తోమే మనిషికి ఇంటి పేరు ఉంటుందా? ఊరు ఉంటుందా?

మనవాళ్లు టీవీ ముందు ఊరికే కూర్చోలేదు. దానికీ చరిత్ర ఉంది. 1987లో మొదలైన రామాయణం సీరియల్ 1988 జూలైలో ముగించబోతుంటే పంజాబులోని జలంధర్‌లో పారిశుధ్య కార్మికులు సమ్మె చేశారు. వాళ్లు వాల్మీకి కులంవాళ్లు. రాముడి పట్టాభిషేకంతో ఆపితే ఎట్లా, మా వాల్మీకి ఆశ్రమం కథ, లవకుశుల కథ చూపించాలి అన్నారు. చీపురు పక్కన పెట్టేసరికి ప్రభుత్వం దిగివచ్చింది. ఉత్తర రామాయణం తీయించింది. ఆ సమ్మెను కొందరు ఎగతాళి చేశారు. నేను చెయ్యను. మన చేతిలో చీపురు ఆగితే ఢిల్లీ కదులుతుందని వాళ్లు లోకానికి చూపించారు. అయితే ఒక మాట వాళ్ల బిడ్డగా, తమ్ముడిగా అడగాలి. అంత బలంతో సీరియల్ సాధించాం గదా, అదే బలంతో జీతం, గ్లౌజు, మాస్కు, పర్మినెంటు ఉద్యోగం ఎందుకు అడగకూడదు?

ఈ మధ్యది చెబుతాను. 2020లో అంబేద్కర్ జీవితం మీద తీసిన హిందీ సీరియల్‌ను కన్నడంలో 'మహానాయక' పేరుతో వేశారు. కర్ణాటకలో దళితవాడలన్నీ పండగ చేసుకున్నాయి. ఊరూరా సొంత డబ్బులు వేసుకుని ఫ్లెక్సీలు కట్టారు. సీరియల్ ఆపాలని ఆ చానల్ వాళ్లకు బెదిరింపులు వచ్చాయి. బెదిరింపులు వచ్చాయని తెలిశాక ఫ్లెక్సీలు ఇంకా పెరిగాయి. ఒక సీరియల్‌కు ఎవరైనా ఫ్లెక్సీ కడతారా? కట్టారు. ఊరి నడిబొడ్డున విగ్రహం పెట్టనివ్వనిచోట బాబాసాహెబ్ టీవీలో నుంచి ప్రతి ఇంటికీ వచ్చాడు గనక కట్టారు.

ఇప్పుడు ఆ పెద్దమనిషి అడిగిన ప్రశ్న. పాత పుండ్లు రేపుడెందుకు? అయ్యా, మానిన పుండును ఎవరూ రేపలేరు. రేపితే రక్తం వచ్చిందంటే అది మానలేదని అర్థం. వెట్టిని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించింది. 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం వచ్చింది. జోగినిగా వదిలే దురాచారం మీద 1988లో మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. పుండు మానితే ఇన్నిసార్లు మందు రాయాల్సిన పని ఏముంది? అడ్వాన్సు ఇచ్చి కుటుంబాన్ని మొత్తం ఇటుక బట్టీలో పెట్టుకుని, లెక్క తేలేదాకా కదలనివ్వకపోతే దానికి కొత్త పేరు ఏదైనా పెట్టుకోండి, పాత పేరు వెట్టే.

ఆ చిన్నపిల్ల ప్రశ్న అన్నింటికంటే పెద్దది. ఆయన పేరు ఆయన చెప్పుకుంటే కొట్టుడెందుకు? ఎందుకంటే, బిడ్డా, పేరు ఉన్నవాడికి తండ్రి ఉంటాడు. తండ్రి ఉన్నవాడికి ఊరు ఉంటుంది. ఊరు ఉన్నవాడు "నా వాటా ఏది?" అని అడుగుతాడు. అందుకే కొరడాతో కొట్టి కొట్టి 'టోబీ' అనిపించారు. అమెరికాలో 1850లో, 1860లో బానిసలను లెక్క రాసినప్పుడు పేర్లు రాయలేదు. యజమాని పేరు రాసి, కింద ఇంత వయసు, ఆడ, మగ అని రాశారు. పేరుతో రాసింది విడుదల తర్వాత, 1870 జనాభా లెక్కల్లో. మన దగ్గర పేరు తీసేయలేదు, విరిచారు. రామయ్యను రామిగా అన్నారు, ఎల్లయ్యను ఎల్లిగా అన్నారు. నెరిసిన తలకాయను దొర కొడుకు, పదేళ్ల పోరడు, "ఒరేయ్ ఎల్లిగా" అన్నాడు. కొరడా లేకుండానే మనల్ని టోబీలను చేశారు.

అలెక్స్ హేలీ చేసింది ఈ పేరును వెతుక్కోవడమే. ఆయన సీరియల్ చూసి వేలమంది నల్లవాళ్లు పాత దస్తరాల ఆఫీసులకు పోయి తమ తాతల పేర్లు వెతకడం మొదలుపెట్టారు. తెల్లవాళ్ల ఏడుపు కంటే నాకు అది గొప్పగా కనబడుతుంది. చూసి లేచిపోయి పని చేశారు.

అయితే హేలీ దగ్గర ఒక జాగ్రత్త కూడా నేర్చుకోవాలి. దాచిపెట్టనవసరం లేదు. హెరాల్డ్ కోర్లాండర్ అనే రచయిత, నా నవలలో నుంచి భాగాలు తీసుకున్నాడని హేలీ మీద కేసు వేశాడు. 1978లో హేలీ ఆరున్నర లక్షల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకున్నాడు. వంశవృక్షాలు పరిశీలించేవాళ్లు కూడా ఆయన లెక్కలు కొన్ని కాగితాలతో సరిపోవడం లేదని చూపించారు. దానితో ఏమైంది? బానిసత్వాన్ని వెనకేసుకొచ్చేవాళ్లకు సందు దొరికింది. "అంతా కల్పన" అన్నారు. ఒక తరం లెక్క తప్పితే ఓడల్లో తెచ్చిన కోటిమంది అబద్ధమవుతారా? కారు. కానీ సందు మనం ఇవ్వకూడదు. మన చరిత్ర మనం రాసుకునేటప్పుడు తెలిసింది తెలిసినట్టు రాయాలి. విన్నది విన్నదని రాయాలి. ఎవరు చెప్పారో రాయాలి. మన నిజమే చాలినంత భయంకరంగా ఉంది, దానికి కలపాల్సింది ఏమీ లేదు.

కాబట్టి తెల్లారి మనం చేయాల్సిన పనులు మూడు చెబుతాను.

ఒకటి, పేర్లు. ప్రతి ఇంట్లో చదువుకునే పిల్లలు ఒక నోటుబుక్కు తీయండి. తాత, ముత్తాత, వాళ్ల ఊరు, వాళ్లు చేసిన పని, ఏ దొర దగ్గర, ఎన్నేళ్లు. నాయినమ్మల పేర్లు మరిచిపోవద్దు. తండ్రి తాతల పేర్లు చెప్పేవాళ్లు ఉంటారు, ఆడబాపగా పోయిన అక్క పేరు చెప్పేవాళ్లు ఉండరు. ముసలివాళ్లు ఉన్నప్పుడే అడగండి. ఏడు తరాలు దొరక్కపోవచ్చు. మూడు దొరికినా మేలే.

రెండు, కాగితాలు. పేరు వెంబడి భూమి ఉంటుంది. తెలంగాణలో 1954-55 కాస్రా పహాణీ మూల దస్తావేజు. మీ తాత పేరు ఏ సర్వే నంబరులో ఉందో చూడండి. ఊరి చాకిరీకి ఇచ్చిన ఇనాం భూమి ఏమైందో చూడండి. తహసీల్దారు ఆఫీసులో నకలు అడగండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. సర్కారు పట్టా ఇచ్చిన భూమి చేతులు మారిందా, 1977 అసైన్డ్ భూముల చట్టం ఉంది. పేదవాడికి ఇచ్చిన భూమి అమ్మినా కొన్నా చెల్లదని, తిరిగి ఇప్పించవచ్చని ఆ చట్టం చెబుతుంది. అమెరికాలో 'రూట్స్' వచ్చిన ఏడే మనకు ఈ చట్టం వచ్చింది. వాళ్లు తాతల పేర్ల కోసం దస్తరాలు తిరగేశారు. మనం పేర్ల కోసమూ, భూమి కోసమూ తిరగేయాలి.

మూడు, ఇప్పటి వెట్టి. ఈ నేరేడ్‌మెట్ చుట్టూ, మీ మీ ఊళ్ల చుట్టూ ఎక్కడైనా అడ్వాన్సు పేరుతో మనుషుల్ని ఆపి పెట్టారని తెలిస్తే మధ్యవర్తిత్వాలు చెయ్యొద్దు. కలెక్టరుకు, ఆర్డీవోకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. విచారణ చేసి విడుదల పత్రం ఇవ్వడం వాళ్ల బాధ్యత. 2016లో సవరించిన పథకం ప్రకారం విడుదలైన మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకు, పిల్లలకు రెండు లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో మూడు లక్షలు పునరావాసం ఉంది. కేసు నిలబడితేనే ఆ మొత్తం చేతికి వస్తుంది గనక సాక్ష్యాలు చెదిరిపోకుండా చూసుకోవాలి. మనుషులు బయటపడ్డారు చాలు అని విడుదల పత్రం లేకుండా బస్సెక్కించి పంపితే వాళ్లు మళ్లీ అప్పు కోసం అదే మేస్త్రీ దగ్గరికి పోతారు.

వచ్చే రెండో ఆదివారం ఇదే హాల్లో కూర్చుందాం. ఈసారి సీరియల్ లేదు. ఎవరి నోటుబుక్కు వాళ్లు తెచ్చుకోవాలి. కాస్రా పహాణీ దొరికినవాళ్లు నకలు తేవాలి. దొరకనివాళ్లు దరఖాస్తు పెట్టిన రసీదు తేవాలి. ఉర్దూ చదవగలిగిన పెద్దలు ఉంటే వెంట తీసుకురండి, పాత కాగితాలు చదివించుకుందాం. ఆ ముసలమ్మ తన నాయినమ్మ కథ చెబుతానని ఒప్పుకున్నది. ముందు ఆమె మాట్లాడుతుంది, మనం రాసుకుంటాం.

జై భీమ్.